ఎడమవైపు యాక్సిల్

ఆస్పత్రి గేటు దగ్గర స్టీరింగు కుడివైపుకి పూర్తిగా తిప్పగానే బండి కింద నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. డ్రైవరమ్మ వేగం తగ్గించి, అద్దం దించి, తల బయటికి పెట్టి విన్నది. చక్రం వంకరగా ఉన్నంతసేపూ చప్పుడు. తిన్నగా కాగానే ఏమీ ఎరగనట్టు ఊరుకుంది.

"ఏమ్మా, బండి వేళ్లు విరుచుకుంటోంది?" అన్నాడు వెనక సీట్లోంచి దర్జీ పెద్దాయన.

"నిన్నటిదాకా లేదండీ. మిమ్మల్ని దించేసి చూస్తా."

"చూడు, బద్ధకించకు. నా కుట్టుమిషను కూడా ఇలాగే మొదలెట్టింది. నూనె చుక్క వేసి ఊరుకున్నా. ఒకాయన కోటు సగంలో ఉండగా ఆగిపోయి నా పరువు తీసింది."

పక్కన కూర్చున్న లెక్కల టీచరు నవ్వింది. ముందు సీట్లో ఉన్న లారీ ఆఫీసు గుమస్తాకి నవ్వే ఓపిక లేదు. ముగ్గురికీ మూత్రపిండాలు పాడయ్యాయి. మంగళ, గురు, శనివారాల్లో వాళ్లని ఇళ్ల దగ్గర ఎక్కించుకుని ఆస్పత్రిలో దించడం, రక్తం శుద్ధి చేసే మిషన్ల మీద నాలుగు గంటలు పడుకుని లేచాక మళ్లీ ఇళ్లకి చేర్చడం ఆమె పని. ఆ మూడిళ్లలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. డ్రైవరమ్మ వచ్చిందా అంటారు, డ్రైవరమ్మకి టీ ఇవ్వండి అంటారు.

ముగ్గురినీ లోపల మంచాల దాకా చేర్చి వచ్చి, ఆమె చెట్టు నీడలో అట్టముక్క పరుచుకుని బండి కింద దూరింది. ఎడమ చక్రం వెనక, యాక్సిల్ జాయింటుకి తొడిగిన రబ్బరు బూటు అడ్డంగా చీలి ఉంది. లోపలి గ్రీజంతా చక్రం అంచుకి చిమ్మి, దుమ్ము పట్టి, తారులా గడ్డకట్టింది. యాక్సిల్ కడ్డీని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ మెలితిప్పింది. వదులు చేతికి తెలిసింది. లోపల గుండ్లు అరిగిపోయి గరగరమంటున్నాయి.

మిగిలిన టైములో ఆమె తమ్ముడి దగ్గరికి వెళ్లింది. కొత్త కార్లు అమ్మే షోరూములో, రిపేరుకొచ్చిన బండ్లు రాసుకునే కౌంటరు వెనక ఉంటాడతను. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. ఒకప్పుడు గోళ్లలో గ్రీజు వదలని మనిషి. ఆమెకి పానా పట్టుకోవడం నేర్పింది అతనే.

"యాక్సిల్ మార్చాలిరా. జాయింటు పోయింది."

"ఆ బండికి కొత్త యాక్సిలా? దండగక్కా. చిరిగిన బూటు మార్చి గ్రీజు కుక్కేద్దాం. చప్పుడు పోతుంది. ఓ రెండు నెలలు లాగించేస్తుంది."

"రెండు నెలలయ్యాక?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే."

"నా బండిలో కూర్చునేవాళ్లు మిషన్ల మీంచి లేచొచ్చేవాళ్లురా. దారిలో చక్రం తిరగనని మొరాయిస్తే వాళ్లనేం చెయ్యను? చంకనేసుకుని పోనా?"

తమ్ముడు కౌంటరు మీది కాగితాలు సర్దాడు. తీసి మళ్లీ సర్దాడు. "సరే, నీ మాటే. తుక్కు కొట్టులో ఇదే మోడలుది మంచిది దొరుకుతుందేమో చూడు. చవగ్గా అయిపోతుంది. ఆదివారం నేనొచ్చి బిగిస్తా. సొంత తమ్ముడుండగా బయటి మెకానిక్కెందుకు నీకు?"

ఆ మాట ఆమె ఆస్పత్రికి తిరిగి వెళ్లేదాకా చెవిలోనే ఉంది. అతను ఆదివారం పూట అక్క ఇంటికి రావడమే తగ్గిపోయింది. వచ్చినా కుర్చీ అంచున కూర్చుని ఫోను చూసుకుని పోతాడు. చేతులు మాపుకుంటానని అతనంతట అతను అనడం ఎన్నేళ్లకో.

*

తుక్కు కొట్టులో యాక్సిళ్లు గోడవారగా కట్టెల్లా పేర్చి ఉన్నాయి. కొట్టు షావుకారు ఒక పాత కారు సీటుని కుర్చీగా వేసుకుని అందులోంచే వేలితో దారి చూపిస్తాడు.

"ఎడమవైపుది కావాలి. కుడిదాని పొడవు వేరు," అందామె.

"నాకు చెబుతున్నావా తల్లీ! మూడున్నాయి. ఏరుకో."

మొదటిదాన్ని ఎత్తి, చివరి జాయింటుని గుండ్రంగా తిప్పింది. ఒకచోట బిగుసుకుని, మరోచోట జారింది. పక్కన పడేసింది. రెండోదానికి బూటు కొత్తగా నిగనిగలాడుతోంది. బూటు కొత్తదైతే లోపల ఏదో దాస్తున్నారని ఆమెకి అనుమానం. పట్టీ విప్పి వేలు పెట్టి చూస్తే గ్రీజులో ఇనుప రజను మెరిసింది. అదీ పక్కన పడింది. మూడోది తుప్పు పట్టి, చూడ్డానికి వికారంగా ఉంది. కానీ జాయింటు అన్ని వైపులా ఒకే బిగువుతో, వెన్నలో చెయ్యి పెట్టినట్టు తిరిగింది. చివర పళ్లు లెక్కపెట్టింది. తన బండిదానికి సరిపోయాయి. ఒక్క పన్నూ విరగలేదు.

"అందంగా ఉన్నవి వదిలేసి అనాకారిదాన్ని పట్టావు," అన్నాడు షావుకారు నవ్వుతూ. "నా దగ్గర పనిచేసినవాళ్లకే ఇది తెలీదు. హబ్ నట్టు, ఆయిల్ సీలు?"

"అవి కొత్తవి కొంటా. పాతవి వద్దు."

"మంచి పని. అన్నట్టు మొన్న మీ తమ్ముడొచ్చాడు. మీ బండికే, వీల్ క్యాపులు నాలుగూ ఒకే రకానివి వెదికి వెదికి పట్టుకెళ్లాడు. వెనక లైటు అద్దం కూడా."

వెనక లైటు అద్దం పగిలి ఏడాదైంది. ఎర్ర టేపు అంటించి నెట్టుకొస్తోంది. తమ్ముడు ఎప్పుడు చూశాడో! నోటితో అనకుండా గుర్తుపెట్టుకుని కొన్నాడంటే ఆమెకి ముచ్చటేసింది. ఆదివారం అవి బయటికి తీసినప్పుడు తనకేమీ తెలియనట్టు ఉండాలని, వాడి సరదా పాడు చెయ్యకూడదని అనుకుంది. యాక్సిల్‌ని గోనెపట్టాలో చుట్టుకుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని వచ్చింది.

శనివారం ముగ్గురినీ తీసుకెళ్లేటప్పుడు కుడివైపు మలుపులన్నీ వెడల్పుగా తీసుకుంది. ఒక సందు తప్పించడానికి నాలుగు వీధులు చుట్టింది. "ఇవాళ ఊరు చూపిస్తున్నావా?" అని లెక్కల టీచరు అడిగితే, "సోమవారానికి కొత్త కాలు వచ్చేస్తుందండీ దీనికి," అంది.

*

ఆదివారం పొద్దున్న తమ్ముడు పనిముట్ల పెట్టెతోనూ ఒక పెద్ద సంచీతోనూ వచ్చాడు. సంచీలోంచి వీల్ క్యాపులు తీసి వరుసగా గోడకి ఆనించాడు.

"అబ్బో, ఎక్కడివిరా?" అందామె, అనుకున్నట్టుగానే.

"బండి కాస్త కళగా ఉండాలి కదక్కా."

పని మొదలైంది. బండి ఇంకా నేల మీద ఉండగానే, చక్రం నడిమధ్య యాక్సిల్ కొసని పట్టి ఉంచే హబ్ నట్టు వదులు చెయ్యాలి. ఆమె లోపల కూర్చుని రెండు కాళ్లతో బ్రేకు తొక్కిపట్టింది. అతను పానాకి మనిషెత్తు గొట్టం తొడిగి, దాని మీద బరువంతా వేసి వేలాడాడు. మూడోసారికి నట్టు 'కీచు'మని కదిలింది. ఇద్దరూ ఒకేసారి "హమ్మయ్య" అనుకుని నవ్వుకున్నారు. తర్వాత జాకీ ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, చక్రం ఊడదీశారు. హబ్‌ని కింద పట్టి ఉంచే ఇనప చెయ్యి బోల్టు తుప్పుకి కరిచిపట్టుకుని ఉంటే ఆమె నూనె పోసి, చిన్న సుత్తితో చుట్టూ నెమ్మదిగా తడుతూ కూర్చుంది. అతను గునపంతో ఆ ఇనప చేతిని అణిచిపడితే ఆమె హబ్‌ని తనవైపు లాగింది. పాత యాక్సిల్ ఇవతలి కొస బయటికొచ్చింది. అవతలి కొస గేరుపెట్టెలోంచి ఊడివచ్చేటప్పుడు గేర్ ఆయిల్ బొటబొటా పళ్లెంలోకి కారింది.

"సీలు పాతదే ఉంచేద్దాం. బాగానే ఉంది," అన్నాడతను.

"కొత్తది తెచ్చాగా."

"దీనికింత చాదస్తమెందుకక్కా?"

"రోజూ నడిపేది నేను. నువ్వు తప్పుకో." ఆమె పాత సీలు పెకలించి, కొత్తదాని అంచుకి ఆయిల్ రాసి, వంకర పోకుండా చుట్టూ తడుతూ లోపలికి దింపింది. తమ్ముడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ దూరంగా నిలబడ్డాడు. యాక్సిల్ లోపలికి తోస్తే టక్కుమని కూర్చుంది. ఆ శబ్దం విని ఆమె మొహం విప్పారింది. హబ్‌ని తిరిగి బిగించి, చక్రం తగిలించి, నట్టు చేత్తో తిప్పి ఉంచారు.

భోజనాలయ్యాక అతను నీళ్ల గొట్టం తెచ్చి బండి వెనక భాగమంతా కడిగాడు. లైటు అద్దం మార్చాడు. క్యాపులు తగిలించాడు. ఫోను తీసి అటూ ఇటూ తిరుగుతూ ఫోటోలు తీశాడు.

"పెళ్లికూతురికి తీసినట్టు తీస్తున్నావేంట్రా?"

"ఊరికే," అన్నాడు.

ఆమె మళ్లీ బండి కింద దూరింది. గేరుపెట్టెలో ఆయిల్ నింపి, కంతలోంచి కొద్దిగా పొర్లేదాకా వేలుపెట్టి చూస్తోంది. అప్పుడు గేటు చప్పుడైంది. ఒక జత మగ చెప్పులు, ఒక జత ఆడ చెప్పులు బండి పక్కకొచ్చి ఆగాయి.

"కాస్త ముందే వచ్చేశామండీ. బేకరీ మధ్యాహ్నం మూసేస్తాం, మళ్లీ సాయంత్రం తెరవాలి," అంది మగ గొంతు.

"పర్లేదు పర్లేదు. రండి," అన్నాడు తమ్ముడు. అతని చెప్పులు రెండడుగులు వెనక్కి వేశాయి. "ఇదేనండీ బండి. చూశారుగా, మచ్చ లేదు."

"ఎవరు నడిపేవారు?" అంది ఆడ గొంతు.

"మా అక్క. అదీ ఎప్పుడో బజారుకి. ఏడాదిలో పది నెలలు ఇంట్లోనే ఉంటుంది. ఇక అక్క నడపడం మానేస్తోంది, అందుకే ఇచ్చేస్తున్నాం. ఇవాళే యాక్సిల్ కూడా కొత్తది వేయించా."

డ్రైవరమ్మ వేలు కంతలోనే ఉండిపోయింది. వేలి మీంచి ఆయిల్ మణికట్టు దాకా పాకి, మోచేతిలోకి దిగింది. ఆమె తన ముక్కుకి జానెడు దూరంలో ఉన్న ఆ తుప్పు పట్టిన యాక్సిల్‌ని చూస్తూ పడుకుంది. చేతులు వాటంతటవే మూత వెదికి, కంతకి పెట్టి, పానాతో బిగించాయి.

అట్టముక్కతో సహా జరుగుతూ ఆమె బయటికొచ్చింది. బేకరీ ఆయన ఉలిక్కిపడి పక్కకి తప్పుకున్నాడు. లేవడానికి తమ్ముడు చెయ్యి అందించాడు. ఆమె బంపరు పట్టుకుని లేచింది.

"మా అక్క," అన్నాడు తమ్ముడు.

ఆమె జాకీ దించింది. చక్రం నేల మీద ఆనింది. "బ్రేకు తొక్కు," అంది తమ్ముడితో. అతను లోపల కూర్చుని తొక్కాడు. ఆమె క్యాపు ఊడదీసి, గొట్టం తొడిగిన పానాతో నట్టుని బిగించి, దాని అంచుని ఉలితో గాడిలోకి కొట్టి నొక్కింది, ఇక వదులు కాకుండా. తర్వాత చేతులు తుడుచుకుని బేకరీ ఆయనతో అంది:

"యాక్సిల్ కొత్తది కాదండీ. తుక్కు కొట్టులో నేనే ఏరి తెచ్చాను. మూడు చూసి ఒకటి తెచ్చా. మంచిది. సీలూ నట్టూ మాత్రం కొత్తవి."

"అక్కా..." అన్నాడు తమ్ముడు.

"బజారుకే తిరిగే బండి కూడా కాదు. వారానికి మూడు రోజులు రోగుల్ని ఆస్పత్రికి తీసుకెళ్తాను. మిగతా రోజుల్లో కూడా ఎవరు పిలిస్తే వాళ్ల కోసం తిరుగుతుంది. వానాకాలం కుడివైపు ముందు తలుపు దగ్గర నీళ్లు కారతాయి. రెండో గేరు పొద్దున్నే కాస్త బతిమాలించుకుంటుంది. కూర్చోండి, నడిపి చూపిస్తా."

ఆ మాటలు వింటే వాళ్లు వెనక్కి తిరిగిపోతారని ఆమె మనసులో ఒక మూల ఆశపడింది. కానీ వాళ్లు ఎక్కి కూర్చున్నారు. తమ్ముడు సరిగ్గా ఆమె సీటుకి వెనకాల ఒదిగి కూర్చున్నాడు. ఆమె వీధి చివర మైదానంలో స్టీరింగు పూర్తిగా తిప్పి గుండ్రంగా నడిపింది, కుడికి మూడుసార్లు, ఎడమకి మూడుసార్లు. టైర్ల కింద ఇసుక నలిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

తిరిగొచ్చాక బేకరీ ఆయన బండి ముందు భాగం మీద అరచెయ్యి వేసి నిలబడ్డాడు.

"నిజం చెప్పాలంటే నాకు ఇష్టం లేకుండానే వచ్చానమ్మా. ఇంట్లో నిలబెట్టిన బండి అంటే భయం. తెల్లారగట్ల రొట్టెలు వెయ్యాలి, రోజూ తిరగాలి. రోజూ తిరిగిన బండే నాకు కావాలి. పైగా ఇంత తెలిసిన చేతిలో తిరిగింది. ఇంకేం చూసుకుంటాం? తీసుకుంటాం."

అతని భార్య మాత్రం ఆమెనే చూస్తోంది. "మరి రేపట్నుంచి మీరేం నడుపుతారమ్మా?"

"అక్కకి ఇక విశ్రాంతేనండీ," అన్నాడు తమ్ముడు వెంటనే.

రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్తామని చెప్పి వాళ్లు వెళ్లారు. గేటు వేసి వస్తూ తమ్ముడు తేలిగ్గా ఊపిరి వదిలాడు. "భలేదానివక్కా! వారం రోజులుగా నేను చెబుతున్నా కదలని మనిషిని పావుగంటలో ఒప్పించేశావు."

ఆమె పానాలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెడుతోంది. చెయ్యి ఆగింది.

"వారం రోజులుగానా?"

అతను వీల్ క్యాపు మీద లేని దుమ్ము తుడిచాడు.

"అయితే గురువారం నేను నీ దగ్గరికొచ్చేసరికే వీళ్లతో మాట్లాడుతున్నావు. బూటు మారిస్తే రెండు నెలలు లాగిస్తుందన్నావు. ఎవరి రెండు నెలలురా అవి?"

"చెబుదామనే అనుకున్నా. నువ్వు ఒప్పుకోవని..."

"ఒప్పుకోనని తెలిసే చేశావు."

"మా షోరూములో స్టాఫుకి తక్కువ ధరకి కొత్త బండి ఇస్తున్నారక్కా. నెలాఖరు గడువు. పాతది అమ్మితే గానీ కట్టాల్సిన డబ్బు కుదరదు. కాగితాలు నా పేరు మీదే ఉన్నాయిగా. నీకు రావాల్సింది నీకిస్తాను, ఎక్కడికీ పోదు."

"నాకు లైసెన్సు రాని రోజుల్లో నీ పేరున రాయించాను. నీదని రాయించలేదు."

"ఇప్పుడు అంత మాటనాల్సిన పనేముంది? నీకూ వయసొస్తోంది. ఎన్నాళ్లు నడుపుతావు?"

ఆమె పెట్టె మూత వేసి, గడియ పెట్టి, అతని కాళ్ల దగ్గరికి తోసింది. నేల మీద ఒలికిన ఆయిల్ మీద ఇసుక చల్లి, చీపురుతో ఊడ్వడం మొదలెట్టింది. అతను టీ పెడతావేమో అన్నట్టు వంటింటి వైపు ఒకసారి చూశాడు. తర్వాత పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు.

*

సోమవారం సాయంత్రం బేకరీ ఆయన వచ్చేసరికి ఆమె బండి లోపలంతా తుడిచి, సీటు సంచుల్లో ఉన్న తన సామాను ఒక బుట్టలో వేసుకుంది. కళ్లజోడు, చేతిగుడ్డలు, వాంతులకి ఉంచే ప్లాస్టిక్ సంచులు. తమ్ముడు కాగితాలు తెచ్చాడు. సంతకాలయ్యాక తాళం కోసం చెయ్యి చాపాడు. ఆమె అతని చేతిని దాటించి తాళాన్ని బేకరీ ఆయనకే ఇచ్చింది. రెండో గేరు సంగతి, వాన నీళ్ల సంగతి మళ్లీ ఒకసారి చెప్పింది. "నెల తిరక్కుండా హబ్ నట్టు ఓసారి చూపించండి. వదులు కాదు, అయినా చూపించండి."

బండి వెళ్లిపోయాక తమ్ముడు, "నా మీద కోపమా అక్కా?" అన్నాడు.

"లోపల పనుంది," అని ఆమె తలుపు వేసుకుంది.

ఆ తర్వాత ఫోను తీసింది. లెక్కల టీచరు కొడుక్కి చెబితే, ఈ వారానికి తను సెలవు పెట్టుకుంటానన్నాడు. గుమస్తా కూతురు ఎవరి బండో మాట్లాడుకుంటానంది. దర్జీ పెద్దాయనకి ఫోను లేదు, చెప్పడానికి ఇంట్లో ఇంకో మనిషీ లేడు.

మంగళవారం పొద్దున్నే ఆమె బస్సు దిగి నడిచి వెళ్లింది. పెద్దాయన అప్పటికే గేటు బయట నిలబడి, గోడ పట్టుకుని రోడ్డు వంక చూస్తున్నాడు. ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఎప్పుడూ అలా జరగలేదు.

"నడిచొస్తున్నావేంటమ్మా? రిపేరింకా కాలేదా?"

"అయిందండీ. బాగా అయింది."

"మరి బండేది?"

"అమ్మేశాం."

ఆ మాట అలవాటు కొద్దీ వచ్చేసింది. ఇంట్లో ఏం జరిగినా బయటివాళ్లకి ఆమె అలాగే చెప్పేది. కొన్నాం, మార్చాం, ఇల్లు ఖాళీ చేశాం. పెద్దాయన "అయ్యో" అన్నాడు. ఆమె అతని చేతిసంచీ అందుకుంది. ఇద్దరూ అతని అడుగుకి సరిపెట్టుకుంటూ వీధి చివరిదాకా నడిచారు. రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. రెండోసారి ఆగినప్పుడు ఆమె సంచీ ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకుంది.

"అమ్మేశాం కాదండీ," అంది. "అమ్మేశాడు. మా తమ్ముడు. నాకు చెప్పకుండా అమ్మేశాడు."

పెద్దాయన ఆమె మొహంలోకి చూశాడు. గోడ మీది చెయ్యి తీసి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. బస్సు దూరంగా కనిపించింది. ఆమె రోడ్డు అంచుకి వెళ్లి, డ్రైవరుకి కనిపించేలా చెయ్యెత్తి నిలబడింది.

"మెట్టు ఎత్తుగా ఉంటుంది," అంది వెనక్కి తిరక్కుండానే. "నా భుజం గట్టిగా పట్టుకోండి."